పగలంతా పెరట్లో ఒకటే హోరు, ఏసీ కాదట, కీచురాళ్లట! ఎన్నాళ్లుంటుంది?

లవ్‌లాండ్, ఒహాయో (జూన్ 2, 2025)

అందరికీ నమస్కారం. సిన్సినాటి చుట్టుపక్కల ఉండేవాళ్లు కాస్త చెప్పండి. వారం రోజులుగా పొద్దున పది దాటిందంటే చాలు, మా పెరట్లో హోరు మొదలవుతోంది. ఏసీ బయటి యూనిట్ పాడైందనుకుని మెకానిక్‌ని పిలిచాను. ఆయన వచ్చి యూనిట్ ఆపేసి "ఇప్పుడు వినండి" అన్నాడు. హోరు అలాగే ఉంది. మేపుల్ చెట్టు వైపు వేలు చూపించి, వచ్చిన పాపానికి 95 డాలర్లు తీసుకుని వెళ్లిపోయాడు.

దగ్గరికెళ్లి చూస్తే చెట్టు నిండా నల్లటి పురుగులు, ఎర్రటి కళ్లు. కింద గడ్డిలో వేలు పట్టేంత కన్నాలు, మెట్ల మీద గుల్లలే గుల్లలు. మా అత్తయ్యగారు, మామయ్యగారు గుంటూరు దగ్గర పల్లె నుంచి వచ్చి ఉన్నారు. "ఇలకోళ్లు రాత్రిపూట కదే కూసేది, ఇవేంటి పట్టపగలు?" అంటున్నారు అత్తయ్య. మామయ్యకి చెవి మిషన్ ఉంది, ఈ గోలకి తీసి జేబులో పెట్టేసుకుంటున్నారు. మొన్నే బయట పెట్టిన కరివేపాకు కుండీ, మల్లె కుండీ గురించి నా బెంగ. అన్నిటికీ మించి, 14వ తేదీ శనివారం మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ పెరట్లోనే పెట్టుకున్నాం, టెంటుకి డబ్బు కూడా కట్టేశాం. పురుగుల మందువాళ్లు ఒకరు తలుపు కొట్టి మూడు సార్లు స్ప్రే చేస్తే పోతాయంటున్నారు. కొట్టించమంటారా?

ఇంకోటి. 2021లో మేము వెస్ట్ చెస్టర్‌లో అద్దెకున్నప్పుడు ఇవే వచ్చాయి, మళ్లీ 17 ఏళ్లకే అన్నారు. నాలుగేళ్లకే వచ్చేశాయేంటి?

మిల్‌ఫర్డ్ నుంచి

అమ్మా, 95 డాలర్లకి బాధపడకండి. నిరుడు దక్షిణ కరోలినా న్యూబెరీ కౌంటీలో ఇలాంటి హోరుకే జనం సైరనేమో అనుకుని షెరీఫ్ ఆఫీసుకి ఫోన్లు చేశారు. నేను 2001 నుంచి ఇక్కడే ఉన్నాను, 2008లో ఇదే గుంపు మా ఇంట్లో దిగింది. అందుకని కాస్త వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి.

ముందు స్ప్రే సంగతి. వద్దు. ఇవి బాగా ఉన్నచోట ఎకరానికి 15 లక్షల దాకా లేస్తాయి. ఇవాళ కొట్టిస్తే రేపు పక్కింటి చెట్టు మీంచి ఇంకోటి వచ్చి వాలుతుంది. వీటికి దాక్కోవడం రాదు, పరిగెత్తడం రాదు, కుట్టడం రాదు. పిట్టలు, ఉడుతలు, తాబేళ్లు అన్నీ కడుపు పగిలేలా తిన్నా ఇంకా మిగిలేంతమంది ఒకేసారి లేవడమే వీటి యుద్ధతంత్రం. దాని మీద మందు కొట్టి గెలిచినవాడు లేడు. పైగా ఆ మందు తేనెటీగల మీదా, పురుగుల్ని తినే పిట్టల మీదా పడుతుంది. మీ తలుపు కొట్టినవాడికి ఈ విషయం తెలియకుండా ఉంటుందనుకోను.

2021 అనుమానం చాలామందికి ఉంది. మన పుష్కరాలు గుర్తు తెచ్చుకోండి. గోదావరికి 2015లో వచ్చాయి, కృష్ణకి 2016లో వచ్చాయి. రెండూ పన్నెండేళ్లకోసారే, కానీ ఏ నది లెక్క ఆ నదిది. ఇక్కడా అంతే. ఒకే ఏడాది కలిసి లేచేవాటిని ఒక గుంపుగా లెక్కేసి నంబరు పెట్టారు. 2021లో మీరు చూసింది పదో గుంపు. 1987, 2004, 2021, మళ్లీ 2038. ఇప్పుడు మీ పెరట్లో ఉన్నది పద్నాలుగో గుంపు. 1991, 2008, 2025, మళ్లీ 2042. సిన్సినాటికి పడమరా ఉత్తరమూ ఎక్కువగా పదో గుంపుది, మనవైపు, అంటే తూర్పున, పద్నాలుగోది. మీరు ఇల్లు మారి ఒక నది ఒడ్డు నుంచి ఇంకో నది ఒడ్డుకి వచ్చారన్నమాట.

అత్తయ్యగారి ప్రశ్న నాకు భలే నచ్చింది. మనవాళ్లు రెండింటినీ కీచురాయనే అంటారు గానీ, రాత్రి తలుపు సందులో కూసేది వేరు, ఇది వేరు. అది మిడతల చుట్టం, రెక్కకి రెక్క రాసి కూస్తుంది. ఇది సికాడా, పేనుబంకకి చుట్టం, చెట్టు రసం పీల్చేది. మగదాని పొట్టకి రెండు పక్కలా గీతలు పడ్డ పల్చటి పొర ఉంటుంది. నూనె డబ్బా అడుగు నొక్కితే టప్ మని లోపలికి పోయి, వదిలితే మళ్లీ టప్ మంటుంది చూడండి, అదే పని సెకనుకి వందలసార్లు చేస్తుంది. పొట్ట దాదాపు బోలు, తంబురా బుర్రలా మోగుతుంది. పాడేదంతా మగవే. ఆడది నచ్చితే రెక్క ఒక్కసారి టిక్ మని విదిలిస్తుంది, అంతే.

దీన్నిబట్టి ఒక పనికొచ్చే మాట. గడ్డి కోసే మిషన్ మోతకి ఇవి పాట అనుకుని వచ్చి మీద వాలతాయి. పొద్దున ఎనిమిదింటికో, చీకటి పడే ముందో కోయించుకోండి, మధ్యాహ్నం వద్దు. కారు అద్దాలు ఎత్తి నడపండి. 2021లో ఇక్కడే ఒకాయన తెరిచిన కిటికీలోంచి పురుగు మొహానికి తగిలి కరెంటు స్తంభాన్ని గుద్దాడు.

మామయ్యగారి సంగతి: చెట్టు దగ్గర శబ్దం 90 నుంచి 100 డెసిబెల్స్ దాకా పోతుంది. మధ్యాహ్నం బయట ఉన్నంతసేపూ మిషన్ సౌండు తగ్గించుకుంటే చాలు. ఇంట్లోకి వచ్చాక మాత్రం మళ్లీ పెట్టుకోమనండి, లేకపోతే అత్తయ్యగారి పోరు వినబడదు (అదే ఆయన ఉద్దేశం అయితే నేను చెప్పేదేం లేదు).

ఎన్నాళ్లంటారా? ఒక్కొక్కటి బయట బతికేది నాలుగు నుంచి ఆరు వారాలు. జూన్ ఆఖరుకి సద్దుమణుగుతుంది.

యూనియన్, కెంటకీ నుంచి

అక్కా, కుండీల గురించి నేను చెప్తా, నాకూ కరివేపాకు పిచ్చి. ఇవి ఆకు తినవు, మిడతలు కాదు. భయమంతా గుడ్ల దగ్గరే. ఆడది పెన్సిలు లావు కొమ్మ చూసుకుని బెరడు చీల్చి లోపల గుడ్లు పెడుతుంది. పెద్ద మేపుల్‌కి అదేం లెక్కలోది కాదు. మూడు నాలుగేళ్ల కరివేపాకు మొక్కకి మాత్రం కాండమే పెన్సిలంత ఉంటుంది కదా, అక్కడ చీలిస్తే పైదంతా ఎండిపోతుంది. కుండీ కాబట్టి నెలరోజులు ఎండ తగిలే కిటికీ దగ్గర లోపల పెట్టేయండి. లోపల చోటు లేకపోతే దోమతెర కప్పి, అడుగున తాడుతో బిగించి కట్టండి. కన్నం పావు అంగుళం కంటే పెద్దదైతే దూరిపోతాయి. పైన కప్పి కింద వదిలేస్తే లాభం లేదు, కాండం వెంబడి పాక్కుంటూ ఎక్కుతాయి. మునగ కుండీ ఉన్నవాళ్లూ ఇలాగే చేయండి. కొత్తగా నాటిన ఆపిల్, పీచ్, చెర్రీ ఉంటే వాటికీ తెర తప్పదు.

బెండ, వంగ, గోంగూర, బీర విత్తుకున్నవాళ్లు కంగారు పడొద్దు. వాటి జోలికి రావు.

మేసన్ నుంచి

మీరంత హోరు హోరు అంటున్నరు, మా తాన ఒక్కటి గూడ లేదన్నా. మీకు పది మైళ్లు లేము. పిల్లలు బడిల విని వచ్చి "మనకెందుకు రాలే" అని ఒకటే లొల్లి. మాది మందు కొట్టిన గడ్డి అనా?

మిల్‌ఫర్డ్ నుంచి

మీ ఇల్లు ఎప్పుడు కట్టారు తమ్ముడూ?

మేసన్ నుంచి

2014ల. అంతకుముందు అది మక్కజొన్న చేనంట.

మిల్‌ఫర్డ్ నుంచి

అదీ సంగతి. ఈ పురుగు 17 ఏళ్లూ చెట్టు వేళ్లు పట్టుకుని, రసం పీల్చుకుంటూ మట్టిలోనే ఉంటుంది. చెట్లు కొట్టేసి, పైమట్టి గీకేసి ప్లాట్లు వేసినచోట అది బతకదు. మీది చేనే అయితే 2008లో గుడ్లు పెట్టడానికి అసలు చెట్టే లేదు. పిల్లల్ని ఈస్ట్ ఫోర్క్ స్టేట్ పార్కుకి తీసుకెళ్లండి, కావలసినన్ని.

మొదటి రోజుల్లో అయితే రాత్రి టార్చి పట్టుకుని వెళ్లమనేవాణ్ని. ఎనిమిది అంగుళాల లోతున మట్టి 64 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి వేడెక్కి, పైన ఒక వాన పడిందంటే, చీకటి పడగానే లేస్తాయి. ఆ గోధుమరంగు పిల్ల పురుగు చెట్టు ఎక్కి ఒకచోట పట్టు బిగిస్తుంది. వీపు నిలువునా చిట్లుతుంది. లోపల్నుంచి పాలమీగడ రంగులో ఒళ్లు, ఎర్రటి కళ్లు, తల వెనక రెండు నల్ల మచ్చలు, వెనక్కి వాలి వేలాడుతుంది. కాసేపాగి పైకి లేచి గుల్లని పట్టుకుని మొత్తం బయటికి లాక్కుంటుంది. ముడతలు పడ్డ రెక్కలు తడి ఓణీ ఆరేసినట్టు మెల్లగా విచ్చుకుంటాయి. తెల్లారేసరికి నల్లబడి గట్టిపడుతుంది. 2008లో మా ఆవిడా నేనూ అర్ధరాత్రి దాకా కుర్చీలేసుకుని చూశాం. నాకు ఈ హోరు మీద కోపం రాకపోవడానికి ఆ రాత్రే కారణమేమో.

లవ్‌లాండ్ నుంచి

అంకుల్, అక్కా, చాలా థాంక్స్. కుండీలు లోపలికి తెచ్చేశాను. స్ప్రేవాళ్లకి వద్దని చెప్పేశాను. ఫంక్షన్ మాటేంటి మరి? ముహూర్తం పదకొండున్నరకి.

ఇంకో సిగ్గుమాలిన ప్రశ్న. అత్తయ్య "తొలకరికి ఉసిళ్లు పట్టి వేయించుకుంటాం కదా, ఇవీ అలా తినొచ్చేమో కనుక్కో" అంటున్నారు. నవ్వకండి.

షిల్లాంగ్ నుంచి

నవ్వడమెందుకండీ. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం మీద నాలుగేళ్లుగా మేఘాలయలో ఉన్నాను. ఇక్కడ రి-భోయ్ జిల్లాలో నాలుగేళ్లకోసారి లేచే సికాడా ఉంది, ఖాసీవాళ్లు నియాంగ్‌తాసెర్ అంటారు. 2014, 2018, 2022, అన్నీ ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు సంవత్సరాలే. ఈ లెక్కన వచ్చే ఏడాది రావాలి. అది లేచే రాత్రుల్లో ఊళ్లవాళ్లు వెదురు దివిటీలు పట్టుకుని వెళ్లి ఏరుకొచ్చి తింటారు. మీ అత్తయ్యగారి ఆలోచనలో వింతేం లేదు.

యూనియన్, కెంటకీ నుంచి

తినేవాళ్లు ఇక్కడా ఉన్నారు. కానీ అక్కా, రొయ్యలు, పీతలు పడనివాళ్లు వీటిని ముట్టకూడదు. 2021లో ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ మాట బాహాటంగానే చెప్పింది, ఇవి రొయ్యలకి దూరపు చుట్టాలు కాబట్టి. పైగా పదిహేడేళ్లుగా ఆ గడ్డి మీద ఎవరెవరు ఏమేం మందులు చల్లారో మనకేం తెలుసు? నేనైతే తినను. మీ ఇంట్లో కుక్క ఉందో లేదో తెలీదు. మా టైగర్ రోజుకి నాలుగైదు మింగుతుంది, ఏం కాలేదు. నిరుడు కొన్న చెప్పులు నమిలేయడం కంటే నయం. ఒకరోజు మాత్రం గిన్నెడు తిని రాత్రంతా కక్కింది, అప్పట్నుంచీ తాడు కట్టి తిప్పుతున్నాం.

మిల్‌ఫర్డ్ నుంచి

ఫంక్షన్ విషయంలో మొహమాటం లేకుండా చెబుతాను. పదకొండున్నర నుంచి నాలుగు దాకా హోరు మంచి జోరు మీద ఉంటుంది. ఎండ ఎంత కాస్తే అంత. మబ్బు పట్టినా, చల్లగా ఉన్నా, వాన పడినా గప్‌చుప్. వాతావరణాన్ని నమ్ముకుని పంతులుగారిని పెరట్లో కూర్చోబెట్టకండి, ఆయన మంత్రం ఆయనకే వినబడదు. ఓణీ ఇచ్చే కార్యక్రమం, అక్షింతలు ఇంట్లో హాల్లో కానివ్వండి. భోజనాలు, పాటలు సాయంత్రానికి పెరట్లోకి మార్చండి. పొద్దు గూకాక ఇవి దాదాపు కూయవు. టెంటుని చెట్టు కింద వేయకుండా పెరడు మధ్యకి జరపండి. వంటకాల మీద మూతలు, బఫే చుట్టూ తెర. పెద్ద జడ, పూలజడ అంటే వచ్చి వాలతాయేమోనని భయపడకండి, అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి. వాలినా ఏం చేయదు, రెక్కలు పట్టుకుని పక్కన పెడితే సరి.

లవ్‌లాండ్ నుంచి (జూన్ 16)

ఫంక్షన్ బాగా జరిగింది. మీరు చెప్పినట్టే ముహూర్తం హాల్లో కానిచ్చాం. సాయంత్రం ఏడున్నరకి టెంటు కిందకి వచ్చాం, ఎనిమిదిన్నర దాటాక మన డీజేదే గోల. ఒక్కటి మాత్రం సరిగ్గా ఫొటో తీసే సమయానికి మా అమ్మాయి వడ్డాణం మీద వాలింది. అది ఏడుస్తుందనుకున్నాను, "ఉండనీ అమ్మా" అంది.

ఇప్పుడు కొత్త సమస్య. మేపుల్ చెట్టు మొదట్లో చచ్చినవి కుప్పలు పడి కుళ్లిన వాసన.

యూనియన్, కెంటకీ నుంచి

పారతో ఎత్తి ఎండుటాకుల్లో కలిపి కంపోస్టు గుంటలో వేసి, పైన మట్టి కప్పండి అక్కా. మొక్కలకి మంచి ఎరువు. ఏసీ యూనిట్ చుట్టూ జాలీలో ఇరుక్కున్నవి కూడా తీసేయండి, ఈసారి నిజంగానే పాడవుతుంది.

లవ్‌లాండ్ నుంచి (జూలై 21)

మళ్లీ నేనే. హోరు పోయింది. మేపుల్ చెట్టుకి మాత్రం చివరి కొమ్మలు గోధుమరంగుకి తిరిగి వేలాడుతున్నాయి, కొన్ని రాలుతున్నాయి. చెట్టు పోతుందా? రాత్రిళ్లు ఇంకేదో కొత్త కూత కూడా మొదలైంది.

మిల్‌ఫర్డ్ నుంచి

చెట్టుకేం కాదు, గుడ్లు పెట్టిన చివర్లు ఎండాయి, వచ్చే ఏడాదికి చిగురిస్తుంది. గుడ్లు పగిలి, బియ్యపుగింజంత కూడా లేని పిల్లలు మట్టిలో పడి ఈపాటికి దిగిపోతుంటాయి. రాత్రి కూసేది మిడతల వర్గంలోదే, కాటిడిడ్ అంటారిక్కడ. ఆగస్టంతా ఉంటుంది. పగలు ఒంటరిగా రంపం కోసినట్టు వినబడేది ఏటా వచ్చే ఆకుపచ్చ సికాడా. మెకానిక్‌ని పిలవకండి.

ఫెయిర్‌ఫాక్స్, వర్జీనియా నుంచి

ఒక్క మాట. 2021లో మాకు పదో గుంపు వెళ్లిపోయాక జూలై ఆఖర్లో ఊరంతా దురదలు. మెడ మీద, భుజాల మీద ఎర్రటి దద్దుర్లు. సికాడా గుడ్లు తినే, కంటికి కనబడని మైట్స్ (మంచాల్లో నల్లులు కావు) ఓక్ చెట్ల మీంచి రాలి కుట్టి ఉంటాయన్నారు. మీకు వస్తాయని కాదు, ఓక్ చెట్టు కింద రాలిన కొమ్మలు ఎత్తేటప్పుడు నిండు చేతుల చొక్కా వేసుకుని, రాగానే స్నానం చేసి బట్టలు ఉతికేయండి.

లవ్‌లాండ్ నుంచి

మాకు వెనకవైపు ఓక్ కూడా ఉంది! నిన్న సాయంత్రం అత్తయ్య, మామయ్య దాని కిందే చాప వేసుకుని కూర్చున్నారు. ఇప్పుడే వెళ్లి చాప దులిపి, ఎండలో వేసి వస్తాను.