ఒకే కొండ, వారానికో ఎత్తు: వానల్లో నడక రికార్డు ఎలా రాసుకుంటారు?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. ఆదివారం తెల్లవారగానే నేనూ మా ఆడపడుచూ ఊరి అవతలి కొండ ఎక్కి దిగుతాం. ఎక్కడం నడకే, పైన గట్టు మీద చదునుగా ఉన్నంతమేర పరుగు. చలికాలంలో వీలైతే మహేంద్రగిరికీ వెళ్తాం. ఈమధ్య గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్పే వాచీ కొన్నాను. ఆడపడుచు ఫోన్‌లో యాప్ పెట్టుకుంటుంది.

వానలు మొదలైనప్పటి నుంచి అంకెలు కుదరడం లేదు. అదే దారి, అవే మలుపులు. ఎక్కిన ఎత్తు మాత్రం ఒక వారం 340 మీటర్లు, ఇంకో వారం 410. ఇంటి గుమ్మం దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆపినా, గుమ్మం పదిహేను మీటర్లు కిందకు దిగినట్టు చూపిస్తోంది. ఫోన్‌లో అంకె వేరు. పైగా చినుకులు పడితే ఫోన్‌లో రికార్డింగ్ దానంతటదే ఆగిపోతోంది.

నాకు ఎవరితోనూ పోటీ లేదు. ఏ వాతావరణంలో ఈ కొండకు ఎంతసేపు పడుతుంది, ఎలాంటి రోజున వెనక్కి తిరగడం మంచిది అన్నది ఏడాది తర్వాత పాత రికార్డులు తిరగేస్తే తెలియాలి. మీరైతే ఏమేం రాసుకుంటారు?

గుణుపూర్ తమ్ముడు

అక్కా, ముందు ఫోన్ సంగతి. రికార్డింగ్ మొదలుపెట్టగానే స్క్రీన్ లాక్ చేసి జిప్ కవర్‌లో వేసేయమనండి. తడి తగిలితే టచ్ తెరకు వేలేదో చినుకేదో తెలియదు. బ్యాటరీ సేవర్ నుంచి ఆ యాప్‌ను తప్పించాలి, లేకపోతే ఫోనే దాన్ని మధ్యలో ఆపేస్తుంది. ఆటో పాజ్ కూడా తీసేయండి. నిట్టనిలువు చోట మనం మెల్లగా ఎక్కుతుంటే నిలబడిపోయామనుకుంటుంది. ఇక జీపీఎస్ లెక్కలో దూరం బాగానే వస్తుంది కానీ ఎత్తు అంత సరిగ్గా రాదు, చెట్ల కింద మరీనూ. ఫోన్ ఎత్తుతో మీ వాచీని పోల్చకండి.

దేవ్‌మాలి దారిలో, కొరాపుట్

అమ్మా, మీ వాచీ బాగానే ఉన్నట్టుంది. గుమ్మం దిగడం గురించి చెబుతాను, లెక్కల టీచరు కాబట్టి మీకు నచ్చుతుంది.

మనలాంటి ఉష్ణమండల ప్రాంతాల్లో మబ్బు తునక లేని రోజున కూడా గాలి ఒత్తిడి రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. తెల్లవారుజామున నాలుగు ప్రాంతంలో తక్కువ, పొద్దున పదికి ఎక్కువ, సాయంత్రం నాలుగుకు మళ్ళీ తక్కువ, రాత్రి పదికి ఎక్కువ. ఒత్తిడి ఒక్క హెక్టోపాస్కల్ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) పెరిగితే వాచీ మనం ఎనిమిది, తొమ్మిది మీటర్లు దిగామనుకుంటుంది. మీరు ఐదున్నరకు బయల్దేరి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరితే ఈలోపు రెండు హెక్టోపాస్కల్‌ల దాకా పెరగడం మామూలే. మీ పదిహేను మీటర్లు అవే.

అందుకని ఆ తేడాను చెరిపేయకండి, ప్రతిసారీ రాసుకోండి. పొద్దునపూట గుమ్మం కిందకు దిగాలి. ఎప్పుడైనా పైకి లేచినట్టు కనిపించిందంటే, పెరగాల్సిన వేళలో ఒత్తిడి పడిపోతోందని. ఆ రోజు బంగాళాఖాతం వైపు ఏముందో వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక మీ గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ పద్ధతి పనిచేయాలంటే నడకలో ఆటో కాలిబ్రేషన్, అంటే వాచీ తనంతట తానే ఎత్తును సరిచేసుకోవడం, ఆగి ఉండాలి. గుమ్మం ఎత్తు ఒకటి ఖాయం చేసుకుని బయల్దేరేముందు అదే పెట్టండి.

340, 410 అంటారా, ఆ మొత్తాన్ని నేను పట్టించుకోను. ఈదురుగాలి కొట్టినా, సెన్సర్ రంధ్రంలో చెమటో బురదో చేరినా, చిన్న చిన్న హెచ్చుతగ్గులన్నీ ఎక్కుడు కిందే జమ అవుతాయి. ఇంటికొచ్చాక మామూలు నీళ్ళతో కడగండి, పిన్నుతో మాత్రం పొడవొద్దు. రాసుకోవాల్సింది అడుగుకీ శిఖరానికీ మధ్య తేడా.

ఇక నోటుబుక్కు. నాకు అసలైన రికార్డు అదే. దారిలో ఎన్నటికీ కదలని గుర్తులు నాలుగు ఎంచుకోండి. గెడ్డ (కొండవాగు) మీది చప్టా, ఓ పెద్ద బండ, ఓ జీలుగు చెట్టు, శిఖరం, అలాగ. ప్రతిచోటా టైము రాయండి. చప్టా దగ్గర నీళ్ళు ఏ రాయి దాకా ఉన్నాయో వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ రాయండి. పైన వాన పడితే మీ నెత్తిన చినుకు లేకపోయినా గెడ్డ పొంగుతుంది. వారాల తరబడి రాస్తే పైన వాన కురిశాక ఎంతసేపటికి నీరు కిందకు వస్తుందో మీకే తెలుస్తుంది. మబ్బు కొండను ఏ గుర్తు దగ్గర కోస్తోందో కూడా ముఖ్యం. బయల్దేరేముందు ఉష్ణోగ్రతకూ డ్యూ పాయింట్‌కూ (గాలిలో తేమ నీటిబొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) తేడా చూసి 125తో హెచ్చవేయండి. 28, 24 ఉంటే తేడా నాలుగు, అంటే మీ ఊరి మీద సుమారు 500 మీటర్లలో మబ్బు అడుగు. మీ అంచనా, కంటితో చూసింది పక్కపక్కన రాయండి. ముసురు పట్టిన రోజుల్లో ఈ లెక్క సరిపోదు, మబ్బు ఇంకా కిందే ఉంటుంది.

పెన్ను వద్దు, పెన్సిల్. తడి కాగితం మీద అదే రాస్తుంది.

రాయగడ పరుగు

టైము గురించి ఒక్క మాట. 1892లో స్కాట్లండ్ కొండల్లో తిరిగిన నెయిస్మిత్ అనే ఆయన పెట్టిన సూత్రం ఉంది. ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. మీ దారి ఏడు కిలోమీటర్లు, 350 మీటర్ల ఎక్కుడు అనుకుంటే 84 నిమిషాలకు 35 కలిపి దాదాపు రెండు గంటలు. మీకు పట్టిన టైమును దీంతో భాగించి రాయండి. పొడి నేల మీద ఎంత, ఎర్రమట్టి జారే రోజున ఎంత అన్నది ఒక్క అంకెలో తెలిసిపోతుంది. ఉత్తర ఇంగ్లండ్‌లో కొండల మీద పరుగు పందేలకు వాన కోటు, మ్యాపు, కంపాస్, విజిల్ లేనిదే చాలాచోట్ల లైను దగ్గరకు రానివ్వరు. మీరిద్దరూ చెరో విజిల్ పెట్టుకోండి.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

మాస్టారూ, ఒత్తిడి సంగతి చదివి పాత రికార్డులన్నీ తీసి చూశాను. పొద్దున నడకలన్నిటిలో గుమ్మం కిందకే దిగింది! చాలా సంతోషంగా ఉంది. ఉరుములు వినిపిస్తే ఏం రాయాలి?

దేవ్‌మాలి దారిలో, కొరాపుట్

అప్పుడు పుస్తకం తీయొద్దమ్మా. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లయితే పిడుగు కిలోమీటరు దూరంలో పడ్డట్టు. ముప్పై సెకన్ల లోపు ఉంటే గట్టు దిగిపోవాలి, ఒంటరి చెట్టు కింద ఆగకూడదు. ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాకా మళ్ళీ ఎక్కొద్దు. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ళ పిడుగు హెచ్చరికల యాప్ దామిని ఇద్దరి ఫోన్లలోనూ వేసుకోండి. ఇంటికొచ్చాక మొదటి ఉరుము ఎన్నింటికి, ఏ దిక్కున విన్నారో రాయండి చాలు. మా వైపు ఏప్రిల్, మే నెలల్లో అది ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే. ఆ రెండు నెలలూ నేను పదకొండుకల్లా కిందకు వచ్చేస్తాను.