ఎమైలేజ్ 620 చూసి ప్యాంక్రియాటైటిస్ అని రాసేశా, రౌండ్స్‌లో చీవాట్లు తిన్నా

నైట్‌డ్యూటీ_పీజీ:
సర్జరీ ఫస్టియర్‌ని. మొన్న రాత్రి రెండింటికి క్యాజువాలిటీకి 40 ఏళ్లాయన వచ్చాడు. మందు అలవాటుంది. పొట్ట పైభాగంలో నొప్పి, వీపులోకి పోటు, నాలుగు వాంతులు. ఎమైలేజ్ (ప్యాంక్రియాస్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 620. కేస్ షీట్‌లో అక్యూట్ ప్యాంక్రియాటైటిస్ (ప్యాంక్రియాస్‌కి హఠాత్తుగా వచ్చే వాపు) అని రాసి, గంటకు 250 మి.లీ. చొప్పున ఆర్‌ఎల్ (సెలైన్ లాంటి ద్రవం) పెట్టి, సీటీకి కూడా రాసేశా. పొద్దున చీఫ్ మూడే అడిగారు: ఛాతీ ఎక్స్‌రే ఏది, ఈసీజీ ఏది, ఈ సీటీ ఎందుకు? నేల చూపులు చూశా. మీరైతే మొదటి గంటలో ఏం చేస్తారు?

పాత_స్కాల్పెల్:
బాబూ, కాగితం మీద నీ డయాగ్నసిస్ కరెక్టే. ఈ జబ్బును తేల్చడానికి 2012లో సవరించిన అట్లాంటా లెక్కలో మూడింటికి రెండు చాలు: ఆ తరహా నొప్పి, ఎమైలేజ్ లేదా లైపేజ్ (ప్యాంక్రియాస్‌దే ఇంకో ఎంజైమ్) నార్మల్ పైహద్దుకు కనీసం మూడు రెట్లు, స్కాన్‌లో ఆనవాళ్లు. మొదటి రెండూ ఉన్నాయి, ఇక సీటీ దేనికి? తొలిరోజు తీస్తే నెక్రోసిస్ (కణజాలం చచ్చిపోవడం) కనపడకపోవచ్చు కూడా. అవసరం పడితే మూడు నాలుగు రోజులాగి తియ్యి.

కానీ ఎమైలేజ్ ప్యాంక్రియాస్ సొంత ఆస్తి కాదు. డ్యూడినల్ అల్సర్ పగిలినా, పేగుకు రక్తం ఆగినా, ఆఖరికి పురుగుమందు తాగి వచ్చినా పెరుగుతుంది. నా పీజీ రోజుల్లో ఇలాంటి నంబరే చూసి ఒకాయనకి రాత్రంతా సెలైన్ ఎక్కించాం. పొట్ట చెక్కలా బిగిసిందని సిస్టర్ రెండుసార్లు చెప్పింది, వినలేదు. తెల్లారి నిలబెట్టి ఎక్స్‌రే తీస్తే డయాఫ్రం కింద గాలి, అంటే లోపల పగిలిందన్నమాట. అనుమానం అలా మిగిలినప్పుడు మాత్రం మొదటి గంటలోనైనా సీటీ తీయించాల్సిందే. మీ చీఫ్ ఈసీజీ ఎందుకడిగారో కూడా అర్థమైందిగా? గుండె కింది గోడకు ఎటాక్ వచ్చినా నొప్పి అక్కడే అంటారు.

ల్యాబ్_రూమ్:
దొరికితే లైపేజ్ పంపండి. ఎమైలేజ్ మూడు నుంచి ఐదు రోజుల్లో దిగిపోతుంది. మన పేషెంట్లేమో ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు చేయించుకుని నాలుగో రోజు వస్తారు. ఇంకోటి, సీరం పాలలా తెల్లగా ఉంటే ట్రైగ్లిసరైడ్స్ చూడండి. 1000 దాటితే కారణం అదే కావచ్చు, పైగా అప్పుడు ఎమైలేజ్ నార్మల్‌గా చూపించి మోసం చేస్తుంది. దయచేసి రోజూ రిపీట్ పంపొద్దు, ఆ నంబరుకీ జబ్బు తీవ్రతకీ సంబంధం లేదు.

ఐసీయూ_నైట్:
నన్ను భయపెట్టింది ఆ 250. మనిషి 60 కిలోలనుకుంటే గంటకు కిలోకు 4 మి.లీ. పైనే. ఎంత ఎక్కిస్తే అంత మంచిదనే మాకూ నేర్పారు. 2022లో వాటర్‌ఫాల్ ట్రయల్ వచ్చాక ఆ మాట చెల్లదు. ఒక గ్రూపుకి కిలోకు 20 మి.లీ. బోలస్ (మొదట త్వరగా ఎక్కించే మోతాదు), ఆపై గంటకు కిలోకు 3 మి.లీ. రెండో గ్రూపుకి గంటకు కిలోకు 1.5 మి.లీ., ఒళ్లు ఎండినట్టుంటేనే కిలోకు 10 మి.లీ. బోలస్. ఎక్కువ పెట్టిన వాళ్లలో 20.5 శాతం మందికి ఒంట్లో నీరు ఎక్కువైంది, రెండోవాళ్లలో 6.3. ట్రయల్ మధ్యలోనే ఆపేశారు.

ఫ్లూయిడ్ రేటు రాసి పడుకోవడం కాదు, మళ్లీ వెళ్లి చూడటమే అసలు పని. యూరిన్, హెమటోక్రిట్ (రక్తం ఎంత చిక్కబడిందో చెప్పేది), యూరియా, ఊపిరితిత్తుల శబ్దాలు. జబ్బు తీవ్రత అంచనాకి బైసాప్ స్కోరు వేసేటప్పుడు ఒక తిరకాసుంది: అందులో 25 అన్నది బీయూఎన్ (యూరియాలోని నైట్రోజన్ మాత్రమే), మన ల్యాబ్ ఇచ్చేది మొత్తం యూరియా. 2.14తో భాగించండి. ఆర్గాన్ ఫెయిల్యూర్ (కిడ్నీ, ఊపిరితిత్తుల లాంటివి పనిచేయకపోవడం) 48 గంటలు దాటి నిలిస్తేనే సివియర్ అంటాం, అడ్మిషన్ రోజే ముద్ర వేయలేం.

థర్డ్‌ఇయర్_తంటాలు:
మా యూనిట్‌లో వచ్చిన ప్రతివాళ్లకీ మెరోపెనెం అనే పెద్ద యాంటీబయాటిక్, ఐదు రోజులు నోటికి నీళ్లు కూడా ఇవ్వరు. అడిగితే మా పద్ధతి అంటారు.

పాత_స్కాల్పెల్:
ఇన్ఫెక్షన్ లేకుండా యాంటీబయాటిక్ వద్దు. మొదటి వారం జ్వరం చాలాసార్లు ఇన్‌ఫ్లమేషన్ వల్లే, ఇన్ఫెక్షన్ కాదు. తిండి కూడా అంతే, మైల్డ్ కేసులో ఆకలేస్తోందంటే పెట్టేయండి. నొప్పి మందు మాత్రం పిసినారితనం లేకుండా ఇవ్వండి.

నైట్‌డ్యూటీ_పీజీ:
అప్‌డేట్. ఎక్స్‌రేలో గాలి లేదు, ఈసీజీ నార్మల్. ఫ్లూయిడ్ 90కి తగ్గించాం. మందు వల్లే అనుకుని నేను అల్ట్రాసౌండ్ వాయిదా వేశా. తీరా చేస్తే గాల్ బ్లాడర్‌లో రాళ్లు! ఏఎల్‌టీ (లివర్ ఎంజైమ్) 190. కామెర్లు, చలిజ్వరం లేవు కాబట్టి ఈఆర్‌సీపీ (నోటి గుండా గొట్టం వేసి పైత్యనాళంలో రాళ్లు తీసే పద్ధతి) వద్దన్నారు. ఇవాళ మూడో రోజు, ఇడ్లీ తిన్నాడు. ఆరు వారాలాగి గాల్ బ్లాడర్ ఆపరేషన్‌కి రమ్మందామా?

పాత_స్కాల్పెల్:
మైల్డ్ కేసైతే ఇంటికి పంపకముందే తీసేయండి. 2015లో పోంచో ట్రయల్‌లో, నెలరోజులు ఆగిన వాళ్లలో 17 శాతం మందికి రాళ్ల గొడవ మళ్లీ వచ్చింది, అదే అడ్మిషన్‌లో తీసినవాళ్లలో 5. థియేటర్ డేట్ దొరకదు, నాకు తెలుసు. అయినా పోరాడు. నెక్రోసిస్, కలెక్షన్లు (ప్యాంక్రియాస్ చుట్టూ చేరిన ద్రవం) ఉన్న కేసు వేరు, అక్కడ తొందర పడకూడదు.

నైట్‌డ్యూటీ_పీజీ:
థాంక్యూ సార్. ఒక్కటే, పొద్దుట్నుంచి చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది, పల్స్ 120. సెప్సిస్ మొదలైందేమో, కల్చర్లు పంపనా?

ఐసీయూ_నైట్:
పంపు. కానీ మందు మానేసి మూడో రోజు కదా? విత్‌డ్రావల్ (మందు ఆపేయడం వల్ల వచ్చే వణుకు, తికమక) చూడు. థయమిన్ (విటమిన్ బీ1) పెట్టావా?

నైట్‌డ్యూటీ_పీజీ:
లేదు మేడమ్. వార్డుకి వెళ్తున్నా.