మంగళూరు ప్రయాణం: అలల గురించి, చేపల భోజనం గురించి తెలిసినవారి సలహా కావాలి

నమస్కారం. మాది అనంతపురం. సముద్రమంటే ప్రాణం పెట్టే మా పిల్లలకు ఈసారి మంగళూరు చూపించాలని అనుకుంటున్నాము. పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జులై 31 వరకు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది, వానాకాలంలో సముద్రం కూడా ఉధృతంగా ఉంటుంది కనుక నవంబరులో బయలుదేరడమే మేలని నా అభిప్రాయం.

పణంబూరు బీచ్ పక్కనే ముడిచమురు నౌకలు వచ్చే నవ మంగళూరు ఓడరేవు ఉంది. ఈత అంతంతమాత్రంగా వచ్చిన పదిహేనేళ్ల అమ్మాయి మొదటిసారి సర్ఫింగ్ నేర్చుకోవడానికి అక్కడి అలలు, నీటి శుభ్రత అనువుగా ఉంటాయా, లేక ఉత్తరాన ఉన్న ససిహిత్లు, ముల్కి వైపు శిక్షకుల దగ్గరకు తీసుకెళ్లడం మంచిదా? భద్రత విషయంలో నాకు నిజంగా ఆందోళనగా ఉంది. అక్కడ స్వయంగా నేర్చుకున్నవారు, లేదా తమ పిల్లలకు నేర్పించినవారు చెబితే ఎంతో ధైర్యంగా ఉంటుంది.

రాగి సంగటి, నాటుకోడి పులుసులతో పెరిగిన మాకు సముద్రపు చేపల రుచి అంతగా తెలియదు. బంగుడె పులిముంచి (చింతపండు, మిరపకాయలతో వండే బంగుడె చేపల పులుసు), రవ్వ అద్ది వేయించిన కాణె చేప, నీరుదోసెలు కుటుంబంతో కూర్చుని తినదగిన భోజనశాలలు ఏ ప్రాంతంలో ఉన్నాయి? బసకు నగరం నడిబొడ్డున ఉన్న హంపనకట్ట అనుకూలమా, పణంబూరు అనుకూలమా? దయచేసి తెలియజేయగలరు.