యూనివర్సిటీ సైన్స్ క్యాంపులకు ఎవర్ని పిలవాలి? టాపర్లనా, ఇంకా దారి ఎంచుకోని పిల్లలనా?

కెమిస్ట్రీ లెక్చరర్, రాయలసీమ (చర్చ మొదలుపెట్టినవారు)

ఇన్‌స్పైర్ క్యాంపుల సంగతి ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది. తెలియనివారి కోసం రెండు మాటలు. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2008లో తెచ్చిన పథకంలో ఇదొక భాగం. పదో తరగతిలో తమ బోర్డులో పై 1 శాతంలో నిలిచి, ఇంటర్‌లో సైన్స్ తీసుకున్న పిల్లల్ని ఐదు రోజులపాటు ఏదో ఒక యూనివర్సిటీకో, ఇన్‌స్టిట్యూట్‌కో పిలుస్తారు. శాస్త్రవేత్తల చేత పాఠాలు చెప్పిస్తారు, ల్యాబులు చూపిస్తారు. పిల్లలు బేసిక్ సైన్సెస్ వైపు రావాలన్నది అసలు ఉద్దేశం.

ఉద్దేశం మంచిదే. నా అభ్యంతరమంతా ఆ 1 శాతం గీత మీదే. మన రెండు రాష్ట్రాల్లో పదో తరగతి మార్కుల జాబితాలో పైన ఉన్న పిల్లలు ఏం చేస్తున్నారు? ఫలితాలు రాకముందే పెద్ద కాలేజీల పీఆర్వోలు ఇంటికొచ్చి కూర్చుంటారు. జూన్ వచ్చేసరికి ఫీజు కట్టడం, హాస్టల్లో చేరడం అయిపోతుంది. ఎంపీసీ అయితే ఐఐటీ, బైపీసీ అయితే ఎంబీబీఎస్. ఆ పిల్లల్ని తీసుకొచ్చి ఐదు రోజులు సైన్స్ గొప్పదనం చెబితే శ్రద్ధగానే వింటారు, సర్టిఫికెట్ తీసుకుంటారు, వెళ్లి మళ్లీ స్టడీ అవర్స్‌లో కూర్చుంటారు. దారి ఎప్పుడో తేలిపోయినవాళ్లకు దారి చూపిస్తున్నాం.

క్యాంపు పనుల్లో సాయం చేస్తుంటాను కాబట్టి కళ్లారా చూసిన సంగతి ఒకటి చెబుతాను. టైట్రేషన్ (ఒక ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి ఇంకోదాని గాఢత కనుక్కోవడం) చేయించే రోజు. ముందు వరసలోని పిల్లలకు మొలారిటీ లెక్క నోటికి వచ్చు. బ్యూరెట్ ముట్టుకోకుండానే జవాబు చెప్పేశారు, ఆ తర్వాత వాళ్లకు అక్కడ పనేమీ లేదన్నట్టు నిలబడ్డారు. చివర్లో ఒక జిల్లా పరిషత్ స్కూల్లో చదివొచ్చిన అబ్బాయి ఉన్నాడు. బ్యూరెట్ కొళాయి తిప్పడం అదే మొదటిసారి. గులాబీ రంగు ఒక్క చుక్క తేడాతో నిలిచిపోయేసరికి ఫ్లాస్కు పైకెత్తి చూసి, "సర్, ఇంకో చుక్క వేస్తే ఏమవుతుంది?" అన్నాడు. వేసి చూడమన్నాను. రంగు ముదిరింది. మళ్లీ మొదట్నుంచి చేస్తానన్నాడు. ఈ క్యాంపు నిజంగా ఎవరికి అవసరమో నాకు అక్కడే కనిపించింది.

మార్కుల వడపోత మానేయాలి. కనీసం సగం సీట్లకైనా. మీరేమంటారు?

క్యాంపు కన్వీనర్, ఫిజిక్స్ శాఖ

లెక్చరర్ గారు చెప్పిన ఆ అబ్బాయి లాంటివాళ్లు రావాలని నాకూ ఉంది. కానీ మార్కులు కాకపోతే ఇంకేం చూడాలో చెప్పకుండా గీత చెరిపేయమంటే ఎలాగండీ?

మార్కులకు ఒక సుగుణం ఉంది. ఎవరూ ఫోన్ చేసి మార్చలేరు. "ఆసక్తి ఉన్న పిల్లల్ని పంపండి" అని ప్రిన్సిపాళ్లకు లెటర్ పెట్టి చూడండి. ఎవరొస్తారో నాకు తెలుసు. స్టాఫ్ పిల్లలు, కరస్పాండెంట్ గారి బంధువుల పిల్లలు. ఏ సిఫారసూ లేని పేదింటి పిల్ల లోపలికి రాగలిగేది మార్కుల తలుపు గుండానే.

రెండోది, పాఠం స్థాయి. దూరం నుంచి ఒక పెద్ద శాస్త్రవేత్తను పిలిపిస్తాం. ఆయన గంటన్నరసేపు ఇంగ్లిష్‌లో క్వాంటం గురించి చెబుతారు. అందుకోగలిగే పిల్లలు ఎదురుగా లేకపోతే ఆయన శ్రమా వృథా, పిల్లల సమయమూ వృథా. 1999 నుంచి నడిచిన కేవీపీవై అనే సైన్స్ స్కాలర్‌షిప్ పథకాన్ని 2022లో ఆపేసి ఇన్‌స్పైర్‌లో కలిపేశారు. చురుకైన పిల్లల కోసం ఉన్నవి ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి. మిగిలినదాన్నీ పలచన చేద్దామా?

బైపీసీ అమ్మాయి తల్లి

మా పాపకు ఇలాంటి క్యాంపు పిలుపు వచ్చింది. కాలేజీవాళ్లు పంపలేదు. వీకెండ్ టెస్టులు పోతాయి, ర్యాంకు పడిపోతుంది అన్నారు. నేను వెళ్లి అడిగితే సంతకం పెట్టించుకుని పంపుతాం, తర్వాత మమ్మల్ని అనొద్దు అన్నారు. భయపడి ఊరుకున్నాం. టాపర్లనే పిలవాలి అనేవాళ్లు ముందు ఆ టాపర్లను గేటు దాటించే మార్గం చెప్పండి.

జడ్పీ హైస్కూల్ బయాలజీ టీచర్, ఉత్తరాంధ్ర

కన్వీనర్ గారికి నమస్కారం. మీరు స్థాయి గురించి చెప్పారు కదా సర్, ఆ పాఠం తెలుగులో ఎందుకు ఉండకూడదు? గంటన్నర క్వాంటం కాకుండా గంటన్నర ప్రాక్టికల్ ఎందుకు ఉండకూడదు?

మా బడిలో ల్యాబ్ అంటే తాళం వేసిన ఒక బీరువా. అయినా తొమ్మిదో తరగతి పిల్లల చేత అరటిపండు నుంచి డీఎన్ఏ తీయించాను. పండు మెదిపి, ఉప్పునీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, గుడ్డలో వడకట్టి, గ్లాసు అంచు వెంబడి చల్లటి స్పిరిట్ మెల్లగా పోయాలి. రెండు పొరల మధ్య తెల్లటి దారాలు పైకి తేలతాయి. పుల్లకు చుట్టి తీశారు. ఒక అమ్మాయి అడిగింది: "ఇది ఒక్క డీఎన్ఏనా టీచర్, చాలా కలిసి ఉన్నాయా? ఒక్కటే అయితే కంటికి ఎలా కనబడుతుంది?" ఈ ప్రశ్న వేసిన అమ్మాయికి పదో తరగతిలో పై 1 శాతం రాదు. సోషల్‌లో, హిందీలో పోతాయి మార్కులు. మొత్తం మార్కులు చూసి సైన్స్ పిల్లల్ని ఎంచడంలో ఉన్న లోపం ఇదే.

ఇంకో సంగతి. ఇంటర్‌లో పిలవడం ఆలస్యం. గ్రూపు ఏదో తొమ్మిది, పది తరగతుల్లోనే ఇంట్లో తేలిపోతుంది. అప్పటికి పిల్లలకు తెలిసిన సైన్స్ ఉద్యోగాలు రెండే, డాక్టరు, ఇంజినీరు. బీఎస్సీ అంటే "ఏ సీటూ రానివాళ్లు చేరేది" అని ఊళ్లో పేరు. డిగ్రీలో బేసిక్ సైన్స్ తీసుకుంటే, అర్హులైనవాళ్లకు ఇదే ఇన్‌స్పైర్ కింద ఏడాదికి 80 వేల స్కాలర్‌షిప్ ఉందనీ, నెట్ పరీక్ష పాసై, పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు ఇస్తున్నారనీ నేను పేరెంట్స్ మీటింగులో చెబితే ఒక నాన్నగారు నమ్మలేదు. "చదువుకుంటుంటే వాళ్లే డబ్బులిస్తారా అమ్మా, ఇందులో ఏదో మోసం ఉంటుంది" అన్నారు. యూనివర్సిటీ నుంచి ఒక్క మనిషి వచ్చి ఆయనకు ఆ మాట చెప్పి ఉంటే ఆ ఇంటి లెక్కే మారేది.

నూజివీడు పూర్వ విద్యార్థి

కన్వీనర్ గారూ, మార్కులు చూస్తూనే న్యాయం చేసే పద్ధతి మన దగ్గర ఉంది కదండీ. 2008లో పెట్టిన ఆర్జీయూకేటీలో (నూజివీడు లాంటి ట్రిపుల్ ఐటీలు నడిపే యూనివర్సిటీ), పదో తరగతికి గ్రేడ్లు వచ్చాక, ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్ల గ్రేడ్ పాయింటుకు 0.4 కలిపేవారు. ఎవరూ ఫోన్ చేయనక్కర్లేదు, కాగితం మీద రూలు. ఆ 0.4 లేకపోతే నా క్లాసులో సగం బెంచీల్లో వేరేవాళ్లు ఉండేవాళ్లు. తెలుగు మీడియం నుంచి వచ్చి మొదట్లో ఇంగ్లిష్ పాఠం అర్థంకాక రాత్రిళ్లు ఏడ్చినవాళ్లే తర్వాత బాగా చదివారు. ఎందుకంటే అక్కడ ఆరేళ్లు ఉన్నాం. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్. ఐదు రోజుల్లో భాష భయమే పోదు, ఇంక సైన్స్ ఏం ఎక్కుతుంది?

అయితే ఒక లోటు చెప్పకుండా ఉండలేను. అంత మంది పల్లె పిల్లల్ని పదిహేనేళ్లకే క్యాంపస్‌లోకి తెచ్చిన చోట కూడా చివరికి అందర్నీ ఇంజినీరింగ్‌లోకే పంపారు. ఫిజిక్స్ అంటే ప్రాణం పెట్టే రూమ్మేట్ ఉండేవాడు. వాడు ఫిజిక్స్ చదవాలంటే అక్కడ కోర్సే లేదు. ఎవర్ని ఎంచుకోవాలి అన్నది సగం ప్రశ్నే. లోపలికి వచ్చాక ఎటు పంపుతాం అన్నది మిగతా సగం.

బీఎస్సీ థర్డ్ ఇయర్

నేను ఇన్‌స్పైర్ క్యాంపుకి వెళ్లాను. చాలా బాగుంది. అబద్ధం చెప్పను, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చూశాక వారం రోజులు అదే ఆలోచన. తర్వాత ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. ఐసర్లలో (బేసిక్ సైన్స్ చదువు, పరిశోధన కోసం కేంద్రం పెట్టిన సంస్థలు) చేరాలంటే ఐఏటీ అనే పరీక్ష రాయాలి, 2024 నుంచి బీఎస్-ఎంఎస్‌కి (అక్కడి డిగ్రీ కోర్సు) అదొక్కటే దారి. మా కాలేజీలో ఆ పేరు తెలిసిన లెక్చరరే లేరు. తిరుపతిలో 2015 నుంచి ఐసర్ ఉందన్న సంగతి నాకు డిగ్రీలో చేరాక తెలిసింది. మాది పక్క జిల్లా.

క్యాంపు అయ్యాక వాట్సాప్ గ్రూపు పెట్టి, దరఖాస్తులు మొదలవగానే ఒక్క మెసేజ్ పెడితే చాలు కదా సర్. ఖర్చు కూడా లేదు.

టెక్సాస్‌లో పోస్ట్‌డాక్, సొంతూరు ఖమ్మం వైపు

ఈ వాదన అమెరికాలో ఎప్పటినుంచో నడుస్తోంది, అందుకే చెబుతున్నాను. ఇక్కడ అప్‌వర్డ్ బౌండ్ అని ఫెడరల్ ప్రభుత్వ పథకం ఉంది. 1964లో పేదరికం మీద యుద్ధం అంటూ తెచ్చిన చట్టం కింద పుట్టింది. 1990 నుంచి మ్యాథ్స్, సైన్స్ కోసం విడిగా ఒక శాఖ నడుస్తోంది. హైస్కూలు పిల్లలు ఏడాది పొడవునా శనివారాలు, సాయంత్రాలు వస్తారు, వేసవిలో కొన్ని వారాలు క్యాంపస్‌లోనే ఉంటారు. ఎంపికలో ముందు చూసేది ఇంటి పరిస్థితి. మూడింట రెండొంతుల మంది తక్కువ ఆదాయం ఉన్న, ఇంట్లో తల్లిదండ్రులెవరూ డిగ్రీ చేయని కుటుంబాల పిల్లలై ఉండాలి. మార్కులు చాలక రాలేకపోయారనే మాటకు తావు తక్కువ.

ఫలితం ఉందా అంటే, దాని మీద పెద్ద గొడవే జరిగింది. ప్రభుత్వం చేయించిన పరిశీలనలో అర్హులైన దరఖాస్తుదారుల్ని లాటరీ తీసి రెండు గుంపులు చేశారు, ఒక గుంపుకి అవకాశం ఇచ్చారు, రెండో గుంపుకి ఇవ్వలేదు. 2004లో వచ్చిన నివేదిక ప్రకారం మొత్తం మీద కాలేజీలో చేరేవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కానీ "నేను డిగ్రీ దాకా వెళ్తానని అనుకోవడం లేదు" అని ముందే చెప్పిన పిల్లల్లో మాత్రం తేడా బాగా కనబడింది. ఆ లెక్కలు వేసిన తీరును తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు, అది వేరే కథ. నాకు ముఖ్యమనిపించింది ఒకటే. ఎలాగూ వెళ్లే పిల్లల మీద ఖర్చు పెడితే మార్పు కనబడదు, ఎందుకంటే వాళ్లు ఎలాగూ వెళ్తారు.

క్యాంపు కన్వీనర్, ఫిజిక్స్ శాఖ

పోస్ట్‌డాక్ గారూ, మంచి సమాచారం. కానీ అక్కడ ఏళ్ల తరబడి నడిపేందుకు డబ్బిస్తున్నారు. మాకు ఇచ్చేది ఐదు రోజులకు. భోజనాలు, వసతి, వచ్చే వక్తల ప్రయాణాలు పోను మిగిలేదేమీ ఉండదు. తెలుగులో ప్రాక్టికల్ చేయించమని టీచర్ గారు అడిగినదానికి నేను సిద్ధమే, మా రీసెర్చ్ స్కాలర్లలో చాలామంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లే. ఐఏటీ మెసేజ్ సంగతి కూడా చేయగలిగిందే, ఈసారి నుంచి చేస్తాం. తొమ్మిదో తరగతి పిల్లల్ని పిలవడం మాత్రం ఈ పథకం రూల్స్‌లో లేదు. దానికి వేరే గుడారం వేసుకోవాలి.

కెమిస్ట్రీ లెక్చరర్, రాయలసీమ

వేరే గుడారాలు ఉన్నాయి సర్, వాటి రూల్స్ చూస్తే మీరన్న సిఫారసు భయానికి జవాబు కూడా దొరుకుతుంది. ఇస్రో 2019 నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు యువికా అనే క్యాంపు నడుపుతోంది. ఎనిమిదో తరగతి మార్కులకు 50 శాతమే వెయిటేజీ. గ్రామ పంచాయతీ బడిలో చదివితే దానికి విడిగా 15 శాతం. దేశంలో అందరికీ ఇష్టమైన సంస్థ, ఎంపికలో మార్కులకు సగమే చోటిచ్చింది, దాని ప్రమాణం ఏమీ పడిపోలేదు. ఆర్జీయూకేటీ 0.4 కూడా అలాంటిదే. సీఎస్ఐఆర్ (కేంద్రం కింద పరిశోధనా ల్యాబులు నడిపే సంస్థ) వాళ్ల జిజ్ఞాస కార్యక్రమం 2017లో కేంద్రీయ విద్యాలయాలను ల్యాబులతో కలిపింది. జిల్లా పరిషత్ బడికి అలాంటి ఒప్పందం మన రాష్ట్ర యూనివర్సిటీలు ఎందుకు చేసుకోకూడదు? దానికి ఢిల్లీ డబ్బు కూడా అక్కర్లేదు. ఫిబ్రవరి 28న సైన్స్ డే అని ఫ్లెక్సీ కట్టి, పిల్లల్ని లైన్లో నడిపించి, పరికరాలు దూరం నుంచి చూపించి పంపేస్తున్నాం. అదే ఖర్చుతో నాలుగు బడుల్ని ఎంచుకుని ఏడాదంతా శనివారాలు పని చేయొచ్చు. పిల్లలతో పాటు వాళ్ల టీచరు కూడా రావాలి. పిల్లలు బడి దాటి వెళ్లిపోతారు, టీచరు అక్కడే ఉంటారు.

ఇక మీ క్యాంపు సీట్ల సంగతి. మీకు కేటాయించినన్ని సీట్లలో సగం మార్కులకే ఉంచండి. మిగతా సగానికి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో, కేజీబీవీల్లో (కస్తూర్బా బాలికా విద్యాలయాలు), గురుకులాల్లో సైన్స్ చదువుతున్నవాళ్ల నుంచి దరఖాస్తులు తీసుకుని, సైన్స్, లెక్కల మార్కులు ఒక హద్దు దాటినవాళ్లలో అందరి ముందూ లాటరీ తీయమని ఢిల్లీకి ప్రతిపాదన రాద్దాం. నేను డ్రాఫ్ట్ చేస్తాను.

జడ్పీ హైస్కూల్ బయాలజీ టీచర్, ఉత్తరాంధ్ర

హద్దు ఎంత పెడతారో ముందే చెప్పండి సర్. 90 పెడితే మళ్లీ పాత కథే.

క్యాంపు కన్వీనర్, ఫిజిక్స్ శాఖ

లాటరీకి నా మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు. కష్టపడి 95 తెచ్చుకున్న ప్రభుత్వ కాలేజీ పిల్ల చీటీలో పేరు రాలేదని వెనక్కి వెళ్తే ఆ పిల్లకు నేనేం జవాబు చెప్పాలి? సగం సీట్లు ప్రభుత్వ కాలేజీలకు ఇద్దాం, అందులో ఎంపిక మాత్రం సైన్స్ మార్కుల వరసలోనే జరగాలి. ఇది నా మాట. డ్రాఫ్ట్‌లో రెండు పద్ధతులూ రాయండి, దేనికి దాని కారణాలతో. నా సంతకం ఉంటుంది. టీచర్ గారూ, హద్దు 70 అని నా అభిప్రాయం. మీ మండలంలో అది దాటేవాళ్లు ఎంతమంది ఉంటారో, అందులో ఆడపిల్లలు ఎంతమందో లెక్క తీసి ఇక్కడ పెట్టగలరా?