బరువు తగ్గాలనుకునే కొత్తవాళ్లు కేలరీలు లెక్కపెట్టాలా, కొలత తగ్గించి తింటే చాలా?

కొత్త అడుగు:
ఈమధ్యే బరువు తగ్గే ప్రయత్నం మొదలుపెట్టాను. తిన్నవన్నీ యాప్‌లో రాస్తున్నాను. అన్నం దగ్గరే ఆగిపోయాను. 100 గ్రాములకి ఒక ఎంట్రీలో 130 కేలరీలు అని ఉంది, ఇంకో ఎంట్రీలో 350 పైన ఉంది. ఏది నమ్మాలి? అసలు మొదట్లోనే ఇంత లెక్క అవసరమా, లేక రోజూ తినేదాంట్లో కాస్త తగ్గిస్తే సరిపోతుందా?

తూకంరాయి:
రెండూ నిజమే. 350 బియ్యానిది, 130 వండిన అన్నానిది. ఉడికేటప్పుడు బియ్యం నీళ్లు పీల్చుకుని రెండున్నర, మూడు రెట్లు బరువెక్కుతుంది. నీళ్లలో కేలరీలు ఉండవు. బియ్యం తూచి, అన్నం ఎంట్రీ వేశారంటే తిన్నదాంట్లో మూడో వంతే రాసినట్టు.

రెండో ప్రశ్నకి నా జవాబు: అవసరమే, కనీసం మొదటి కొన్ని వారాలు. పిండి పదార్థాలకీ ప్రోటీన్‌కీ గ్రాముకి 4 కేలరీలు, కొవ్వుకి 9. ఒక్క టేబుల్ స్పూన్ నూనె దాదాపు 120. అది కంటికి ఆనదు, కడుపు నిండినట్టూ ఉండదు. ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదని చెప్పేవాళ్ల మీద 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. వాళ్లు తిండిని సగటున 47 శాతం తక్కువ చేసి చెప్పారు, శారీరక శ్రమను 51 శాతం ఎక్కువ చేసి చెప్పారు. అందాజా మీద నడిస్తే అయ్యేది ఇదే.

సాయంత్రం నడక:
యాప్ లేదు గీప్ లేదు. రెండోసారి వడ్డించుకోవడం మానేశాను, తగ్గాను.

నిలకడ:
తూకంరాయి గారూ, మీరు అంత నమ్మే అంకెలే సరిగ్గా లేవు. అమెరికాలో ప్యాకెట్ మీద రాసిన కేలరీలకీ అసలు కేలరీలకీ 20 శాతం దాకా తేడా ఉన్నా నిబంధనలు ఒప్పుకుంటాయి. చాలా యాప్‌లలో ఎంట్రీలు వేసేది మనలాంటి వాడకందారులే. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు బాదం గింజల్ని మనుషులకి తినిపించి చూస్తే, 28 గ్రాములకి 170 దాకా అనుకున్నది ఒంటికి పట్టింది 129 మాత్రమే. నమలగా మిగిలిన గింజ ముక్కల్లోని కొవ్వు అరగకుండానే బయటికి పోతోంది. మరి గ్రాము గ్రాము తూచి ఏం సాధించినట్టు? అరచేయంత ప్రోటీన్, గుప్పెడు అన్నం, బొటనవేలంత కొవ్వు. కొత్తవాళ్లకి ఇది చాలు. చెయ్యి ఎక్కడికైనా మనతోనే వస్తుంది.

తూకంరాయి:
బాదం లెక్క తప్పితే మీకు లాభంగానే తప్పింది, రాసినదానికన్నా తక్కువే పట్టింది. పైగా రోజూ ఒకే రకంగా తప్పే లెక్క పనికొస్తుంది. యాప్‌లో 1800 చూపిస్తూ నాలుగు వారాలైనా బరువు కదలకపోతే 1650కి దించుతాం. అసలు అంకె ఎంతో తెలియకపోయినా నష్టం లేదు. మీ బొటనవేలికి ఆ పని చేతకాదు. ఇవాళ్టి బొటనవేలు నూనె, రేపటి బొటనవేలు నూనె ఒకటేనా?

నిలకడ:
మీ టేబుల్ స్పూన్ మాత్రం ఒకటేనా? కొలత ప్రకారం అది 15 మిల్లీలీటర్లు. ఎవరింట్లో చెంచా అంత కచ్చితంగా ఉంటుంది?

తూకంరాయి:
అందుకే చెంచా వద్దు, గ్రాములు. వంటకి ముందు నూనె సీసా తూచండి, వంటయ్యాక మళ్లీ తూచండి. తేడా ఎంతో అంతే వాడారు. ఇందులో కష్టమేముంది?

నిలకడ:
కష్టమేముందా? పొయ్యి మీద ఒకటి మాడుతుంటుంది, ఇంకోటి పొంగుతుంటుంది, చేతులు తడిగా ఉంటాయి, పిల్లలు ఆకలంటుంటారు. ఆ మధ్యలో జిడ్డు సీసాని రెండుసార్లు తూకం మీద పెట్టాలి. సరే, పెట్టాననుకోండి. ఆ నూనెలో కొంత మూకుడుకే అంటుకుని సింకులోకి పోతుంది. మిగతాది నలుగురు పంచుకుంటాం, ఒకరు ముక్కలు ఏరుకుంటారు, ఒకరు అడుగున చేరిన నూనెతో సహా కలుపుకుంటారు. నా వాటా ఎంతో మీ తూకం చెబుతుందా?

పప్పుగుత్తి:
వంట చేసేది ఒకరు, తూచమని చెప్పేది ఇంకొకరు. ప్రతి ఇంట్లో ఇదే తంతు.

తూకంరాయి:
నా వంట నేనే చేసుకుంటాను, దయచేసి ఊహించుకోవద్దు. నిలకడ గారూ, సూటిగా చెబుతున్నాను, ఇవన్నీ సాకులు. వాటా తెలియకపోతే నాలుగో వంతు అని రాసుకోండి. ఏమీ రాయకపోవడం కన్నా అది నయం. ఆ 1992 అధ్యయనంలో వాళ్లూ ఇలాగే చెప్పి ఉంటారు.

నిలకడ:
సాకులు! ఈ మాట కోసమే చూస్తున్నాను. నేను అన్నం మెతుకు కూడా వదలకుండా తూచి రాసినదాన్నే. మూడు వారాలు బరువు కదల్లేదు. డైటీషియన్ నా పుస్తకం అటూ ఇటూ తిప్పి, "ఇందులో రాయనిది ఏదో ఉంది, ఉన్నదున్నట్టు చెప్పండి" అంది. పక్క కుర్చీలో మా ఆయన. లేదని ఎలా రుజువు చేసుకోవాలి? అప్పటి నుంచి తూచడం కుదరని చోట తినడం మానేశాను. పెళ్లిళ్లలో నీళ్లు తాగి వచ్చాను. రాయడం ఆపేశాకే మళ్లీ అందరితో కూర్చుని తినగలిగాను. 2017లో ఈటింగ్ డిజార్డర్, అంటే తిండి చుట్టూ తిరిగే మానసిక జబ్బు, ఉన్న 105 మందిని అడిగితే దాదాపు ముప్పావు వంతు ఒక పేరున్న కేలరీ యాప్ వాడినవాళ్లే. వాళ్లలో 73 శాతం మంది తమ జబ్బుకి అదీ కొంత కారణమని చెప్పారు. వీళ్లూ సాకులే చెబుతున్నారా?

వార్డు డ్యూటీ:
నర్సుగా ఒక్క మాట. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినా, ఉప్పు ఎక్కువైనా, నెలసరి ముందైనా ఒంట్లో నీరు పెరిగి కొవ్వు తగ్గుతున్న సంగతి కొన్నాళ్లు బయటపడదు. బరువు నిలిచిపోయిందంటే దొంగతిండి అని తేల్చేయకూడదు. రోజు బరువు కాదు, వారం సగటు చూసుకోండి. ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవాళ్లు తిండి తగ్గించే ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. గర్భిణులు, తిండి విషయంలో ఇంతకుముందు మానసికంగా ఇబ్బంది పడ్డవాళ్లు ఈ లెక్కలు సొంతంగా మొదలుపెట్టకండి.

తూకంరాయి:
నిలకడ గారూ, మీకు జరిగింది అన్యాయం. కానీ ఆ అధ్యయనంలో వాళ్లని నేను అబద్ధాలకోరులు అనలేదు. వాళ్లు తమ జీవక్రియే, అంటే ఒళ్లు కేలరీలు ఖర్చుపెట్టే వేగమే, నెమ్మదిగా ఉందని నమ్మారు, పరీక్షిస్తే అది మామూలుగానే ఉంది. ఎంత తింటున్నారో వాళ్లకే తెలియలేదు, అంతే. చిన్నప్పటి నుంచి నన్ను మా ఇంట్లో తిండిపోతు అనేవారు. చుట్టాల ముందు నా కంచంలోంచి తీసి తమ్ముడి కంచంలో వేసేవారు. పెద్దయ్యాక తూచి రాస్తే తేలింది ఏమిటి? నా కంచంలో అన్నం వాడి కన్నా ఎక్కువేమీ లేదు. తేడా అంతా వేపుళ్ల నూనెలో, రోజంతా తాగే తీపి పానీయాల్లో ఉంది. నాకు నోటి మీద అదుపు లేదని ఇన్నేళ్లు నమ్మాను. ఆ మాట నా మీద నుంచి తీసేసింది అంకెలే. అందుకే కొత్తవాళ్లతో "లెక్క వద్దు" అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

నిలకడ:
మీ పుస్తకం మీరే చదువుకున్నారు. నా పుస్తకం ఇంకొకరు చదివి నా మీద తీర్పు చెప్పారు. మనిద్దరికీ తేడా అదే. బాదం గింజలూ చెంచాలూ కాదు.

తూకంరాయి:
అయితే అభ్యంతరం చదివినవాళ్ల మీద ఉండాలి, లెక్క మీద కాదు.

నిలకడ:
రాసి ఉంటే ఎవరో ఒకరు అడుగుతారు. ఇంట్లో అయితే మరీను.

కొత్త అడుగు:
ఇద్దరికీ థాంక్సండి. నాకు ఇంట్లో ఆ టెన్షన్ లేదు, కొన్నాళ్లు రాసి చూస్తాను. అన్నం అందరికీ కలిపే వండుతాం. నా వాటా ఎలా తూచాలి?

తూకంరాయి:
ఖాళీ గిన్నె బరువు ఒకసారి రాసి పెట్టుకోండి. బియ్యం 300 గ్రాములు పోశారనుకుందాం, సుమారు 1080 కేలరీలు. వండాక గిన్నెతో తూచి గిన్నె బరువు తీసేస్తే అన్నం 810 గ్రాములు వచ్చిందనుకోండి. గ్రాముకి 1.33 పడుతుంది. మీరు 150 గ్రాములు పెట్టుకుంటే 200 కేలరీలు. రోజూ అదే గిన్నె, అవే నీళ్లు అయితే ప్రతిసారీ లెక్క వేయక్కర్లేదు. కూరల్లో నూనె మాత్రం వదలొద్దు.

నిలకడ:
రాయండి, కానీ భోజనం మానేసి అంకె సరిచేసుకోవాలని ఎప్పుడైనా అనిపిస్తే ఆ రోజే ఆపేయండి. ఆ పుస్తకం ఎవరికీ చూపించకండి.

తూకంరాయి:
డాక్టర్ అడిగితే చూపించాలి కదా?

నిలకడ:
అడిగే పద్ధతిని బట్టి.