దేశి సరుకుల నమ్మవలెనోయ్: అమ్మాలా, నమ్మాలా?

రావిచెట్టు: గురజాడ దేశభక్తి గీతంలో "అన్ని దేశాల్ క్రమ్మవలెనోయ్" తర్వాత "దేశి సరుకుల నమ్మవలెనోయ్" కదా, ఆ 'న' ఎటు చేరుతుంది? ఇంటర్ చదివే మా మేనకోడలికి పొద్దస్తమానం కొరియా సీరియళ్ళే. నోటుబుక్కు అట్ట మీద పేరు కూడా హంగుల్ లిపిలోనే రాసుకుంది. మనవాటి మీద కాస్త నమ్మకం ఉంచమ్మా అని ఈ పాదం వినిపిస్తే, "అది అమ్మమని మామయ్యా, కొరియావాళ్ళు చేసిందీ అదే" అంది.

గసడదవ: అమ్మాయిదే ఒప్పు. సరుకులన్ + అమ్మవలె. కింద "డబ్బు తేలేనట్టి నరులకు కీర్తి సంపద లబ్బవోయ్" అని ఉండనే ఉంది. నమ్మితే డబ్బులొస్తాయా?

చెదపురుగు: అప్పుడే తేల్చేయకండి. సరుకులన్ నమ్మవలె అన్నా వ్యాకరణం కాదనదు. 3+4 మాత్రల నడక రెండిటికీ సరిపోతుంది. ప్రాస 'మ్మ' మీద పడింది గనక అదీ సాక్ష్యానికి రాదు. తన సరుకు మీద తనకే గురి లేనివాడు ఏం అమ్ముతాడండీ? శ్లేష అని నా వాదం.

గసడదవ: గురజాడకు శ్లేష అంటగట్టడమా! ప్రబంధకవి అనుకున్నారా?

బొంకులదిబ్బ: ఆ పిల్లనేం అనకండి. కన్యాశుల్కంలో వెంకటేశం ఏం తక్కువ తిన్నాడు? గిరీశం "ట్వింకిల్ ట్వింకిల్" అంటే "దేరీజ్ ఎ వైట్ మేన్ ఇన్ ది టెంట్" అని జవాబు! అదంతా ఇంగ్లీషు చదువే అనుకుంది వాళ్ళమ్మ వెంకమ్మ. మీ మేనకోడలు నయం, సబ్‌టైటిల్స్ చదివి అర్థమన్నా తెలుసుకుంటోంది.

రావిచెట్టు: వెంకమ్మ సంగతి సరే, నా 'న' సంగతి?

డల్లాస్ బుల్లోడు: 2023లో "నాటు నాటు"కి ఆస్కార్ వచ్చేదాకా మావాడు కారులో తెలుగు పాట పెడితే ఆపేసేవాడు. తర్వాత వాడే స్కూల్లో దోస్తులకి ఆ స్టెప్పు నేర్పాడు. బయట అమ్ముడుపోయాకే నమ్మాడన్నమాట. రెండర్థాలకీ నా ఓటు.

గసడదవ: సంధికి ఓట్లేమిటండీ!

చెదపురుగు: అది పక్కన పెట్టి పై చరణం చూడండి, "జల్దుకొని కళలెల్ల నేర్చుకు". దేశి సరుకు నింపమంటూనే జల్దీని అరువు తెచ్చుకున్నాడు మహానుభావుడు.

గసడదవ: జల్దీయే అని ఎవరన్నారు? ఉత్తరాంధ్ర పలుకుబడి ఎందుకు కాకూడదు? విడిగా పోస్టు పెట్టండి, అక్కడ చూసుకుందాం.