1966 ఫెండర్ మస్టాంగ్ కొనొచ్చా? షార్ట్ స్కేల్ అంటే ఏమిటి?

అందరికీ నమస్కారం. ఈమధ్యే హైదరాబాద్ నుంచి డల్లాస్ వచ్చాను. కాలేజీ నుంచీ స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్ వాయిస్తున్నాను. ఇక్కడ ఒకాయన 1966 నాటి ఫెండర్ కంపెనీ మస్టాంగ్ ఎలక్ట్రిక్ గిటార్ అమ్ముతున్నారు. ‘షార్ట్ స్కేల్, 24 అంగుళాలు’ అని రాశారు. అంటే చిన్నపిల్లల గిటారా? డబ్బు పంపే జెల్ (Zelle)లో అడ్వాన్స్ పంపితే నాకోసం ఉంచుతానంటున్నారు. ఇండియాకి తిరిగి వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళొచ్చా, ఇక్కడే అమ్మేయాలా?

జవాబు, ఆస్టిన్ నుంచి:

తమ్ముడూ, ముందు డబ్బు సంగతి. గిటార్ చేత్తో పట్టుకుని చూడకుండా ఒక్క డాలరు కూడా పంపకు. జెల్ మన యూపీఐ లాంటిదే, ఒకసారి వెళ్ళిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం. దూరం నుంచి కొనాల్సి వస్తే వాయిద్యాలు అమ్మే రివర్బ్ వెబ్‌సైట్ లాంటి చోట కొను, అక్కడ కొన్నవాళ్ళకి కొంత రక్షణ ఉంటుంది.

స్కేల్ లెంగ్త్ అంటే తీగలో మోగే భాగం పొడవు, మెడ పైచివర తీగలు ఆనే నట్ నుంచి గిటార్ ఒంటి మీద తీగలు ఆనే బ్రిడ్జి దాకా. కానీ నేరుగా బ్రిడ్జి దాకా కొలవకు. శ్రుతి కుదరడానికి బ్రిడ్జి మీద ఒక్కో తీగ ఆనే ముక్కని, అంటే శాడిల్‌ని, కాస్త వెనక్కి జరుపుతారు కాబట్టి లెక్క తప్పుతుంది. నట్ నుంచి 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ కమ్మీ) దాకా కొలిచి రెట్టింపు చెయ్యి. నీ స్ట్రాటోకాస్టర్ మీద 12.75 అంగుళాలు వస్తుంది, అంటే స్కేల్ 25.5. గిబ్సన్ లెస్ పాల్ స్కేల్ 24.75 అని చెబుతారు. మస్టాంగ్‌కి 12 రావాలి. 11.25 వచ్చిందంటే అది 22.5 అంగుళాల స్కేల్. మస్టాంగ్ కొన్నాళ్ళు ఆ కొలతలోనూ వచ్చింది, దానికి 22 ఫ్రెట్లు కాక 21 ఉంటాయి. నీకు కావాల్సింది అదో కాదో కొనకముందే తేల్చుకో.

1964లో మస్టాంగ్ వచ్చినప్పుడు ఫెండర్ దాన్ని నేర్చుకునేవాళ్ళ కోసమే తెచ్చిన మాట నిజం. కానీ 24 అంగుళాల స్కేల్ పిల్లలకే అనుకోవద్దు. 1962లో వచ్చిన జాగ్వార్ అప్పట్లో ఫెండర్ ఖరీదైన గిటార్లలో ఒకటి, దాని స్కేలూ అంతే.

చేతికి తెలిసే తేడా మాత్రం చాలా ఉంది. అవే తీగలు, అదే శ్రుతి అయితే తీగ బిగువు పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది. 25.5 నుంచి 24కి వస్తే దాదాపు 11 శాతం తగ్గుతుంది. బెండ్లు (తీగని పక్కకి లాగి స్వరం పెంచడం) హాయిగా పడతాయి, ఫ్రెట్లు దగ్గరగా ఉంటాయి కాబట్టి వేళ్ళు సాగదీయక్కర్లేదు. నువ్వు 10 సెట్ (అన్నిటికన్నా సన్న తీగ 0.010 అంగుళం) వాడుతుంటే మాత్రం తీగలు వదులుగా అనిపిస్తాయి, గట్టిగా మీటితే కంపిస్తూ ఫ్రెట్లకి తగులుతాయి. కాస్త మందమైన 11 సెట్ వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. తీగల మోతని అందుకునే పికప్‌లు, శ్రుతి చేసే ట్యూనర్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. స్కేల్ ఆ గిటార్‌తో పుట్టింది, కాబట్టి 1966 అన్న అంకె చూసి కాదు, అరగంట వాయించి నిర్ణయించుకో.

పాత గిటార్ ధర నిలబడేది ఒరిజినాలిటీ మీద. 1965 జనవరిలో సీబీఎస్ కంపెనీ ఫెండర్‌ని కొంది. అంతకుముందువాటికి గిరాకీ ఎక్కువ, ఇది ఆ తర్వాతది కాబట్టి ‘ప్రీ సీబీఎస్’ అని ఎవరైనా ధర పెంచితే ఒప్పుకోకు. మెడ మడమ (మెడ ఒంటికి బిగిసే చోటు, విప్పితేనే కనిపిస్తుంది) మీద తేదీ ముద్ర, పాట్ల (వాల్యూమ్, టోన్ నాబుల కింది భాగాలు) మీద కోడ్ చూపించమను. కోడ్ 304తోనో 137తోనో మొదలైతే తర్వాతి రెండంకెలు సంవత్సరం, చివరి రెండు వారం. 3046623 అంటే 1966లో 23వ వారం. గిటార్ కన్నా పాట్ కొన్ని నెలలు పాతదైతే ఫర్వాలేదు, కొత్తదైతే మార్చారని అర్థం. మళ్ళీ రంగు వేయించినదైతే ధర దాదాపు సగానికి పడిపోతుంది. వాయించుకోవడానికే అయితే అలాంటిది చవకలో దొరకడం అదృష్టమే, కానీ అసలు రంగు ధర పెట్టి కొనకు.

న్యూజెర్సీ నుంచి ఇంకొకరు:

బాబూ, ఇండియా ప్రయాణం సంగతి నేను చెబుతాను. ఫెండర్ 1960ల మధ్య దాకా ఫ్రెట్‌బోర్డులకి బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడింది, 1966 ప్రాంతంలో ఇండియన్ రోజ్‌వుడ్‌కి మారింది. నువ్వు చూసేది సరిగ్గా ఆ సంధికాలంలోది. 1992 నుంచి బ్రెజిల్ రోజ్‌వుడ్ సైటీస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ) ఒప్పందంలో అన్నిటికన్నా కఠినమైన జాబితాలో ఉంది. ఆ కర్ర అయితే అమెరికా ప్రభుత్వ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ దగ్గర కాగితాలు తీసుకోకుండా ఎయిర్‌పోర్టుకి వెళ్ళకు. ఇండియన్ రోజ్‌వుడ్‌తో తయారైన వాయిద్యాలకి 2019 చివర్లో సైటీస్ నిబంధనల నుంచి సడలింపు వచ్చింది. నాష్‌విల్‌లో గ్రూన్ గిటార్స్ లాంటి షాపులు ఫీజు తీసుకుని గిటార్‌ని పరిశీలించి, విలువ కట్టి కాగితం ఇస్తాయి. ఆ కాగితం అమ్మేటప్పుడూ పనికొస్తుంది.

అమ్మాల్సి వస్తే తీసేసిన పాత స్క్రూ కూడా పారేయకుండా కేసులో పెట్టి ఇవ్వు. నీ గిటార్ ఒకటి అమ్ముకోవడం వేరు, లాభానికి కొని అమ్మడం వేరు. వర్క్ వీసా మీద ఉంటే రెండోదాని జోలికి వెళ్ళేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడుగు.

అడిగినాయన:

చాలా థాంక్సండీ. అడ్వాన్స్ పంపనని చెప్పేశాను, శనివారం వచ్చి చూడమన్నారు. టేపుతో పాటు స్క్రూడ్రైవర్ కూడా తీసుకెళ్ళనా?

ఆస్టిన్:

టేపు, ఫోన్‌లో టార్చ్ చాలు. మెడ నువ్వు విప్పకు తమ్ముడూ, ఆయన్నే విప్పమను. ఒప్పుకోకపోతే ఫొటో అడుగు, అదీ లేదంటే ఏదైనా షాపులో ఇద్దరి ఎదుటా విప్పించడానికి ఆ ఖర్చు నువ్వు పెట్టుకుంటానని చెప్పు.